గేదెకు కూడా తెర కట్టారు

మనిషి మొహం చూస్తే చాలు, చూసినవాడికి పక్షపాతం పుడుతుందని ప్రభుత్వం వారు కనిపెట్టిన ఏడాదే మా తలుపులమ్మ పశువుల ఆసుపత్రి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది.

తలుపులమ్మ నా కొడుకు కూతురు. లోవ తల్లికి మొక్కుకుంటే పుట్టింది గనక ఆ తల్లి పేరే పెట్టుకున్నాం. దాని అమ్మా నాన్నా లారీ బోల్తాపడి పోయిన దగ్గర్నుంచి నేనే పెంచాను. మనుషులతో మాట్లాడమంటే తల దించుకునే పిల్ల, పశువు పక్కన కూచోబెడితే మాత్రం పొద్దు గూకినా లేవదు. ఆ ఇష్టం మీదే పశువైద్య సహాయకుల కోర్సు చదివింది. మా కోరంపేటలో పశువుల ఆసుపత్రి ఉంది గాని అందులో మనిషి లేడు. ఉన్నాయన రిటైరైన రోజున వేసిన తాళం తుప్పుపట్టి, తలుపుతో కలిసిపోయింది. ఏటా తొలకరికి గురక జబ్బొచ్చి ఊళ్ళో దూడలు పోతూనే ఉన్నాయి. ఆ ఖాళీ ఇన్నాళ్ళకి నింపుతామన్నారు. ఉన్నది ఒకటే పోస్టు. మా పిల్లకి వయసు గడువు ఆ ఏటితో సరి. ఇది తప్పిపోతే ఇక ఏ సర్కారు ఉద్యోగానికీ పనికిరాదు.

ఇదివరకు ఉద్యోగాలు ఎలా ఇచ్చేవారో నాకు బాగా జ్ఞాపకం. మా ఆడపడుచు మొగుడికి కండక్టరు ఉద్యోగం ఎలా వచ్చిందనుకున్నారు? సెలక్షన్ ఆఫీసరు గారి అత్తగారింటికి పనసకాయలు మోసి. ఆవిడ అల్లుడితో "ఆ పనసకాయల అబ్బాయి మంచోడయ్యా" అందట, అంతే. ఇలాంటివి చాలా జరిగి, జనం చాలా అరిచాక, పైవాళ్ళకి కోపమొచ్చి పక్షపాతరహిత నియామక మండలి అని ఒకటి పెట్టారు. దాని అధ్యక్షులు భుజంగరావు గారు. ఆయనకి న్యాయమంటే ఎంత పట్టింపంటే, సొంత కూతురి పెళ్ళిలో కూడా ఆడపెళ్ళివారి వైపు కూచోకుండా నడిమధ్య కుర్చీ వేయించుకున్నారని చెప్పుకునేవారు.

మండలి వారు మా పట్నంలో మార్కెట్ యార్డు గోడౌనులో దిగారు. దానికి ఎదురుగానే నా పెసరట్టు బండి. మొదటి రోజు పొద్దున్నే భుజంగరావు గారు బండి దగ్గరకి వచ్చారు.

"పెసరట్టు కావాలాండి, ఇడ్లీ కావాలాండి?" అన్నాను.

"రెండింటి మధ్య ఎంపిక చేయడం నా హోదాలో ఉన్నవాడికి తగదు," అన్నారాయన. "ఏది ముందు చేతికందితే అది పెట్టండి."

చట్నీ ముందు అందింది. ఆయన అదే తిని వెళ్ళిపోయారు.

న్యాయం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని మండలి వారు చాలా ఆలోచించారట. సూపరింటెండెంటు శేషుబాబు టిఫినుకి వచ్చినప్పుడల్లా ఆ సంగతులు చెప్పేవాడు. ముందు అభ్యర్థుల పేర్లు కొట్టేశారు. తలుపులమ్మ అని పేరు వినగానే ఏ పక్క పిల్లో తెలిసిపోదూ? తండ్రి పేరు కొట్టేశారు. ఊరు కొట్టేశారు. చదివిన బడి తెలిస్తే ఊరు తెలుస్తుంది గనక చదువూ, పుట్టిన తేదీ తెలిస్తే జాతకం తెలుస్తుంది గనక వయసూ కొట్టేశారు. ఇవన్నీ కింది గుమాస్తాలు ముందే చూసుకుంటారు గనక మండలికి తెలియనక్కర్లేదన్నారు. గుమాస్తాలేమో మండలి చూసుకుంటుంది గదా అనుకున్నారు. తర్వాత మనిషికో నంబరు ఇచ్చారు. ఆ నంబర్లలో ఒకటి తనకి అచ్చొచ్చిన నంబరని ఒక సభ్యుడు నోరుజారి చెప్పాడు. నంబర్లు కూడా తీసేశారు.

"మరింకేటి మిగిలిందయ్యా?" అన్నాను.

"అభ్యర్థి మిగిలాడు మామ్మగారూ," అన్నాడు శేషుబాబు. "వట్టి అభ్యర్థి. స్వచ్ఛమైన అభ్యర్థి."

మొహాలు కనబడకుండా గోడౌను మధ్య తెర కట్టారు. పట్టీల చప్పుడుకి ఆడో మగో తెలిసిపోతోందని అందరినీ చెప్పుల్లేకుండా, పట్టీల్లేకుండా రమ్మన్నారు. ట్రావెలర్స్ బంగళా నుంచి తెల్ల దుప్పట్లు తెప్పించి, నెత్తిమీంచి కాళ్ళదాకా కప్పుకోమన్నారు. అంతా అయ్యాక, నమూనా పరీక్ష పెడితే లోపల్నుంచి ఒక అభ్యర్థి దగ్గాడట. ఆ దగ్గు గోదావరి అవతల దగ్గులా ఉందని ఒక సభ్యుడు అన్నాడు. అప్పుడు గాని మండలికి గొంతు సంగతి తోచలేదు. యాస వింటే జిల్లా తెలుస్తుంది. జిల్లా తెలిస్తే న్యాయం చచ్చిపోతుంది. కాబట్టి అభ్యర్థి మాట మండలికి వినపడకూడదు. జవాబు మాత్రం వినపడాలి.

మొదట ఒక టీవీ అమ్మాయిని పెట్టారు. అభ్యర్థి ఆమెకి చెబితే ఆమె మండలికి చెప్పాలి. ఆమె గొంతు ఎంత బాగుందంటే, ఏమీ తెలియదన్న అభ్యర్థికి కూడా పూర్తి మార్కులు పడ్డాయి. ఆమెని పంపేసి కంప్యూటరు పెట్టారు. అది మాట్లాడింది తెలుగేనని ఒక సభ్యుడూ, కాదని ఇంకొక సభ్యుడూ సాయంత్రం దాకా వాదించుకున్నారు.

ఆ మర్నాడు నా బండి దగ్గర రద్దీగా ఉంది. ఒక మోతుబరి రైతునీ, ఒక తాపీమేస్త్రీనీ, ఒక కానిస్టేబుల్నీ కలిపి నేను ఒకే గుక్కలో తిడుతున్నాను. భుజంగరావు గారు ఆగి విన్నారు.

"ఏమమ్మా, మీరు అందరితోనూ ఇలాగే మాట్లాడతారా?"

"ఎలాగండి?"

"అనగా, స్థాయీభేదం లేకుండా."

"చట్నీ మూడోసారి అడిగినోళ్ళనే తిడతానండి. ఆళ్ళెవరైతే నాకేటి?"

ఆయన శేషుబాబు వైపు తిరిగి, "రాసుకోండి. సహజ తాటస్థ్యం," అన్నారు.

అలా నేను మండలి వారి తటస్థ కంఠాన్ని అయ్యాను. నా మనసు ఊరుకోలేదు. చెప్పకపోతే తప్పు గదా అని, అప్పటికప్పుడే అన్నాను. "అయ్యగారూ, ఒక్క మాటండి. మా మనవరాలు కూడా ఈ ఉద్యోగానికే..."

భుజంగరావు గారు రెండు చెవులూ మూసుకున్నారు. "చెప్పకండి! సదరు సమాచారం మండలికి అందరాదు! అందినచో మండలి ప్రభావితమగును!"

"అందుకేనండి చెప్తన్నాను, నన్ను ఒద్దనెయ్యండి..."

"మిమ్మల్ని వద్దనవలెనన్నచో కారణం తెలియవలెను. కారణం తెలిసినచో పక్షపాతం. శేషుబాబూ, ఆమెకు స్టూలు వేయించండి."

ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే తలుపులమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది. "మామ్మా, ఆళ్ళు ఏటడిగినా నేను చెప్పిందే చెప్పు. ఒక ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు. నీకు దణ్ణమెడతాను."

"నాకేటి తెలీదా ఏటే," అన్నాను.

ఇంటర్వ్యూ రోజున గోడౌనులో నా స్టూలు రెండు తెరల మధ్య వేశారు. ఒక తెర అవతల మండలి. రెండో తెర అవతల దుప్పట్లో అభ్యర్థి. అభ్యర్థి నోటి దగ్గర నుంచి నా చెవి దాకా తోటకి నీళ్ళు పెట్టే గొట్టం. వాళ్ళు అందులో గుసగుసగా చెప్పాలి, నేను పైకి అనాలి.

"గేదె మేత మానివేసినది," అన్నారు భుజంగరావు గారు తెరవెనక నుంచి. "కారణములు ఎట్టివి?"

గొట్టంలోంచి వచ్చిన జవాబులో సగం ఇంగ్లీషు జబ్బులే. నాకు అర్థమైనవి ఉన్నవున్నట్టు చెప్పాను. అర్థం కానివి వదిలేస్తే ఆ చోట బోసిగా ఉంటుందనిపించి, మా ఇంటి గేదె సంగతి కొంచెం కలిపాను. మా ఆయన సైకిలుకి కొత్త గంట పెట్టించినప్పుడు అది బెంగెట్టుకుని గడ్డి ముట్టలేదు. గంట తీసేసినా ముట్టలేదు. తర్వాత అదే ముట్టింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

తెరవెనక కలాలు గబగబా కదిలాయి. "క్షేత్రస్థాయి అనుభవం!" అన్నారు భుజంగరావు గారు.

ఆ మాట విన్నాక, ఒకరికి చెప్పి మరొకరికి చెప్పకపోతే పక్షపాతం గదా అని, వచ్చిన ప్రతివాళ్ళ జవాబులోనూ గంట సంగతి కలుపుతూ పోయాను. అందరికీ మంచి మార్కులే పడుతున్నాయి.

కొంతసేపటికి గొట్టంలోంచి గట్టిగా వచ్చింది. "మామ్మా! నేను చెప్పింది చెప్పు. సైకిలు గంట తీసెయ్!"

"అభ్యర్థి ఏమనుచున్నారు?" అన్నారు అధ్యక్షులు.

"గంట తీసెయ్యమంటన్నారండి."

"చికిత్స కూడా చెప్పినారు. భేష్."

గొట్టం అవతలి కొస ఠప్పున నేలకి కొట్టిన చప్పుడైంది.

ఆ తర్వాత ఒక అభ్యర్థి వచ్చాడు. గొంతు మెత్తన. "మామ్మగారూ, నమస్కారమండి. నేను ప్రభుదాసునండి, పేరు చెప్పకూడదనుకోండి. నేను నిదానంగా ఒక్కో మాటే చెప్తానండి. మీరు అదే అనండి, చాలు. తర్వాత ఇంకోటి చెప్తాను."

అతను చెప్పింది చెప్పినట్టే అన్నాను. నాకే అర్థమయ్యేలా చెప్పాడు. ముందు ఏం చూడాలో, తర్వాత ఏం చూడాలో, ఏది కనిపిస్తే పెద్ద డాక్టరుకి కబురు పెట్టాలో. వినగా వినగా నాకు గంట సంగతి గుర్తే రాలేదు. మా తలుపులమ్మ కన్నా బాగా చెప్పాడు. నా నోటితో నేనే అన్నాను గనక నాకు తెలుసు.

తెరవెనక ఎవరో ఆవులించారు. "ఈ అభ్యర్థికి అనుభవం కొరవడినది," అన్నారు భుజంగరావు గారు. "సైకిలు ప్రస్తావన లేదు."

"అయ్యో, అది నేనేనండి..." అన్నాను.

"కంఠమునకు స్వంత అభిప్రాయం ఉండరాదు," అన్నారు.

మధ్యాహ్నం ప్రాక్టికల్. పశువుకి జ్వరం చూసి, మందు తాగించాలి. పరీక్షకి మా ఊరి గేదెని తెస్తే అది తెలిసినవాళ్ళ దగ్గర నెమ్మదిగా, తెలియనివాళ్ళ దగ్గర పెంకిగా ఉంటుందని, అది పశుపక్షపాతం అవుతుందని, ఎవరినీ ఎరగని గేదెని రాయలసీమ నుంచి లారీలో తెప్పించారు. దాని చుట్టూ కూడా తెర కట్టారు. అభ్యర్థిని అది చూడకూడదు, వాసన పట్టకూడదు. అందుచేత అభ్యర్థి దాన్ని ముట్టుకోకూడదు.

"మరి ముట్టుకోకండా జొరం ఎలా చూత్తారండి?" అన్నాను.

"అభ్యర్థి సూచించును. తటస్థ కంఠం యొక్క హస్తములు నిర్వర్తించును," అన్నాడు శేషుబాబు, చూసి చదివి.

నేను గేదె తెరలోకి వెళ్ళాను. లారీలో రెండు పగళ్ళు నిలబడి వచ్చిన గేదె, నాలుగు పక్కలా తెల్లగుడ్డ తప్ప ఏమీ కనబడక బిక్కచచ్చి ఉంది. ఎవరో అభ్యర్థి గొట్టంలోంచి "తోక ఎత్తండి" అన్నాడు. ఎత్తాను.

గేదె ఒక్క గెంతు గెంతింది. దాని తెర ఊడి కొమ్ములకి చుట్టుకుంది. కళ్ళు కనపడక నా తెరలోంచి, అభ్యర్థుల తెరలోంచి, మండలి తెరలోంచి వరసగా దూసుకుపోయింది. అన్ని తెరలూ నేలకూలాయి. నియామక మండలీ, అభ్యర్థులూ, గేదే, అందరూ మొట్టమొదటిసారి ఎదురెదురుగా నిలబడ్డారు.

భుజంగరావు గారు బల్ల ఎక్కి కేక పెట్టారు. "ఎవరూ ఎవరినీ చూడరాదు! సభ్యులందరూ తక్షణం కళ్ళు మూసుకొనవలెను!"

సభ్యులందరూ కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకున్న సభ్యుల మధ్య గేదె కుర్చీలు విరగ్గొడుతూ తిరిగింది. ఒక సభ్యుడి నోట్లోంచి కీచుమని చప్పుడొచ్చింది గాని, కళ్ళు మాత్రం తెరవలేదు. అంత నిజాయితీ నేను ఎక్కడా చూడలేదు.

అప్పుడు దుప్పటి గుంపులోంచి రెండు దుప్పట్లు విసిరేసి ఇద్దరు పరిగెత్తారు. ఒకతె మా తలుపులమ్మ. రెండోవాడు సన్నగా, నల్లగా, బొత్తాం ఊడిన చొక్కాలో ఉన్నాడు. అతను పక్కనుంచి వెళ్ళి కొమ్ముల గుడ్డ లాగేశాడు. తలుపులమ్మ ఎదురుగా నిలబడకుండా దాని భుజం పక్కకి చేరి, మెడ కింద గోకుతూ "ఓ... ఓ... అమ్మా... ఓ" అంటూ నిలిపేసింది. అతను ముక్కుతాడు అందుకున్నాడు. ఇద్దరూ ఒక మాట కూడా అనుకోలేదు. గేదె బుస కొట్టి, తలాడించి, నిలబడిపోయింది. తలుపులమ్మ తోక కింద చెయ్యిపెట్టి, "జొరం లేదు, బెదురే. ముందు నీళ్ళెట్టాలి," అంది. "ఆఁ, దాహంతో ఉంది," అన్నాడు అతను. ఆ మెత్తని గొంతు వినగానే పోల్చుకున్నాను, ప్రభుదాసు.

ఆ పోస్టుకి ఎవరు తగినవాళ్ళో తేలిపోయింది. కళ్ళు మూసుకున్నవాళ్ళు తప్ప గోడౌనులో అందరూ చూశారు.

"మండలి కళ్ళు తెరవబోవుచున్నది!" అన్నారు భుజంగరావు గారు. "అభ్యర్థులు కనబడినచో పరీక్ష రద్దు!"

ప్రభుదాసు తాడు నా చేతిలో పెట్టేశాడు. ఇద్దరూ పరిగెత్తి దుప్పట్లలో దూరిపోయారు. మండలి వారు కళ్ళు తెరిచేసరికి వాళ్ళకి కనబడింది నెమ్మదిగా తెర నములుతున్న గేదె, తాడు పట్టుకున్న నేను.

మర్నాడు ఫలితం చెప్పారు. భుజంగరావు గారు గోడౌను ముందు నిలబడి గంభీరంగా చదివారు. "అభ్యర్థుల జవాబులన్నియు ఒకే కంఠము నుండి వెలువడినవి. సదరు కంఠము సగటున అత్యధిక మార్కులు పొందినది. పశువును అదుపు చేసిన హస్తము కూడా అదే కంఠమునకు చెందినదిగా మండలి స్వయముగా వీక్షించినది. తతిమ్మా అభ్యర్థులు ఎవరెవరో మండలికి తెలియదు. తెలియకుండుటకే ఇంత శ్రమ పడినది. కావున కంఠమును ఎంపిక చేయడమైనది."

జనం చప్పట్లు కొట్టారు. నేను ఆయన కాళ్ళకి అడ్డంపడ్డాను.

"అయ్యగారూ, నాకు డెబ్బై దాటేయండి!"

"వయస్సు మండలికి తెలియరాదు."

"నేను మూడో తరగతండి. అది కూడా సగమే."

"విద్యార్హత వెల్లడించినచో పాఠశాల తెలియును. వెల్లడించకండి."

"పోనీ, నేను చెయ్యనండి. నాకొద్దు."

"నిరాకరించుటకు మీరెవరో మండలి నిర్ధారించవలెను. నిర్ధారించినచో ఈ నియామకమే చెల్లదు. పోస్టు మురిగిపోవును. మరల వచ్చే ఏడు, మొదటి నుండి."

వచ్చే ఏటికి తలుపులమ్మ వయసు దాటిపోతుంది. నోరు మూసుకుని ఇంటికి వచ్చాను.

తలుపులమ్మ గుమ్మంలోనే కూచునుంది. "ఉద్యోగం వచ్చిందంటగా మామ్మా. ఊళ్ళో స్వీట్లు పంచి రానా?"

"నేను కావాలని చేసేనేటే..."

"సైకిలు గంట నేను చెప్పేనా? నా నోట్లో మాట తీసుకెళ్ళి నీ మాటలో ముంచేసేవు." కళ్ళు తుడుచుకోలేదు, అలాగే ఉంచుకుంది. ఆ రాత్రి అది అన్నం తినలేదు. నేను వండలేదు.

మరి ఉద్యోగంలో చేరకపోతే పోస్టు పోతుంది గనక చేరాను. కమ్మరిని పిలిచి ఆసుపత్రి తాళం కోయించారు. చేరిన వారానికి శేషుబాబు వచ్చి, డాక్టరు సర్టిఫికెట్టు కావాలని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ తెర లేదు. డాక్టరు నన్ను పైనుంచి కిందకి చూసి, "ఈవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు, మోకాళ్ళు అరిగిపోయాయి, చెయ్యి వణుకుతోంది. ఈవిడ గేదెకి సూది వేస్తుందా?" అన్నాడు. ఆరోగ్య కారణాల మీద విధులకి పనికిరాదని రాసేశాడు.

అమ్మయ్య అనుకున్నాను. శేషుబాబు మాత్రం విచారంగా మొహం పెట్టాడు.

"సర్వీసులో ఉండగా మీ ఆరోగ్యం చెడిపోయింది మామ్మగారూ. ప్రభుత్వానికి చాలా బాధగా ఉంది."

"ఇది ఎప్పుడో చెడిపోయింది బాబూ."

"మీరు చేరకముందు సంగతి ప్రభుత్వానికి తెలియదు. ఉద్యోగి ఇలా పనికిరాకుండా పోతే, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళకి కారుణ్య నియామకం కింద అదే ఉద్యోగం ఇస్తారు. మీ మీద ఆధారపడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

మర్నాడు తలుపులమ్మని తీసుకుని వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. సర్టిఫికెట్లు సంచీనిండా తెచ్చుకుంది. ప్రశ్నలడిగితే చెప్పాలని దారి పొడుగునా వల్లెవేసింది. అక్కడ గుమాస్తా తల ఎత్తి దాని మొహం బాగా చూశాడు.

"పేరు?"

"తలుపులమ్మండి."

"లోవ పక్కా? మా పెద్దమ్మ వాళ్ళదీ అటే. ఎవరి తాలూకా మీరు?"

"నూకరత్నం గారి మనవరాల్నండి."

"పెసరట్టు మామ్మగారి మనవరాలా! ముందే చెప్పొద్దూ?" అని కాగితం తిప్పి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా," అన్నాడు.

అంతే. దాని సంచీ ఎవరూ విప్పమనలేదు.

తలుపులమ్మ ఉద్యోగంలో చేరింది. బాగా చేస్తోంది. ఈ తొలకరికి మా ఊళ్ళో దూడలు నిలబడ్డాయి. నాతో మాట్లాడుతోంది కూడా, గేదెల సంగతి తప్ప. మండలి మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని భుజంగరావు గారికి సన్మానం చేశారు. పేరూ నంబరూ లేని అభ్యర్థి ఎవరి పేరున ఫిర్యాదు పెడతాడు మరి.

మొన్నీ మధ్య ప్రభుదాసు బండి దగ్గరకి వచ్చాడు. ఇప్పుడు కోళ్ళఫారంలో గుడ్లు ఏరే పని చేస్తున్నాడట. అతనికి కూడా వయసు గడువు ఇంకొక్క ఏడే ఉంది. చట్నీ రెండోసారి అడగలేదు. నేనే వేశాను.

"మీ తలుపులమ్మ గారు మంచి పనిమంతురాలండి," అన్నాడు. "నాకు సంతోషమేనండి. ఆవిడకి రావలసిందే."

"నీకు కూడా రావలసిందే బాబూ. నాకు తెలుసు గదా."

"మీకు తెలుసండి," అన్నాడు. కాసేపు తిన్నాడు. "వచ్చే నెల గుడివాడ పక్క ఇంకో పోస్టు పడతందంటండి. ఈ మండలోళ్ళేనంట. మిమ్మల్నే పిలిపిత్తారంట గొంతు కోసం."

"ఎల్లను బాబూ. పేణం పోయినా ఎల్లను."

"ఎల్లండి మామ్మగారూ." చెయ్యి కడుక్కుని, తుండుగుడ్డతో తుడుచుకుని, నా ఎదురుగా నిలబడ్డాడు. మొహంలో నవ్వు లేదు. "ఎల్లేముందు నన్ను దత్తత చేసుకోండి."